చేర్పు సమన్లు

గారిక్ స్ట్రౌడ్ అబద్ధమాడుతున్నాడని బుధవారం పొద్దున తొమ్మిదీ నలభైకి నాకు తెలిసిపోయింది. అప్పటికి అతని ఎదుట కూర్చుని పది నిమిషాలే అయింది.

స్ట్రౌడ్ సాన్ రోకె కాలువల బోర్డులో పింఛను నిధి అధికారి. మనిషి నున్నగా ఉంటాడు. మాట ఇంకా నున్నగా ఉంటుంది.

"బెల్మీరో టోస్టె స్వయంగా వచ్చాడమ్మా. మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. నెలనెలా పింఛను నాకొద్దు, ఉన్నదంతా ఒక్కసారే ఇచ్చెయ్యండి అన్నాడు. ముద్ర చూసుకోండి. శుక్రవారం, మధ్యాహ్నం మూడూ నలభై."

"దరఖాస్తు ఎవరు నింపారు?"

"ఆయనే. నా కళ్ళముందే."

"మొత్తం?"

"మొదటి గడి నుంచి చివరి గడి దాకా."

నేను తలూపి కాగితం మళ్ళీ దగ్గరికి లాక్కున్నాను.

బెల్మీరో ఆ బోర్డులో ఇరవై ఏడేళ్ళుగా లస్కరు. వేళ తప్పకుండా షట్టర్లు ఎత్తి దించి, ఎవరి పొలానికి ఎంత నీరు పోవాలో చూసుకునేవాడు. శుక్రవారం సాయంత్రం వరకూ కనిపించాడు. శనివారం తెల్లారేసరికి మనిషి లేడు. ఆరో నంబరు లాకు దగ్గర అతని పికప్ మాత్రం దొరికింది. తలుపు బార్లా తెరిచి ఉంది, సీటు మీద నెత్తురు మరక.

అతని భార్య డియోలిండా రెండు నెలల క్రితమే విడాకుల కేసు వేసింది. ఆమెకు లాయరు లేడు, పెట్టుకునే స్తోమతూ లేదు. బడి వంటశాలలో ముప్పై ఏళ్ళు గంటల లెక్కన పనిచేసింది కాబట్టి సొంత పింఛనూ లేదు. నేను పందొమ్మిదేళ్ళు కుటుంబ కోర్టులో గుమాస్తాగా చేసి, ఆ తర్వాత డిటెక్టివు లైసెన్సు తీసుకున్నదాన్ని. పేరు జుల్మీరా బెటెన్‌కోర్ట్. డియోలిండా మా అమ్మ వైపు దూరపు చుట్టం. ఆమె తరఫున కాగితాలు అందించే పని నాదే.

ఆ కాగితాల్లో ఒకటే ఈ గొడవంతటికీ మూలం. మా దగ్గర విడాకుల కేసులో జడ్జి ఎంత గట్టిగా చెప్పినా ఇలాంటి పింఛను నిధి వినాల్సిన పనిలేదు. దాన్ని కూడా కేసులో ఒక పార్టీగా చేర్చాలి. కోర్టు గుమాస్తా చేర్పు మీద ముద్ర వేసి, ఆ సమన్లు నిధి చేతికి అందిన క్షణం నుంచి, భార్య వాటా తేలేదాకా నిధి సొమ్ము కదపకూడదు. అంతకు ముందే మొగుడికి ఇచ్చేస్తే మాత్రం దాని తప్పేమీ లేదు. భార్యకి ఇక ఎవర్నీ అడిగే హక్కుండదు.

సోమవారం పది ఇరవైకి ఆ సమన్లు స్ట్రౌడ్ చేతిలో పెట్టింది నేనే.

"సోమవారం నేనొచ్చినప్పుడు ఈ దరఖాస్తు ఉన్నట్టు చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా." నవ్వాడు. "చూడండమ్మా, ఆయన శుక్రవారం అడిగాడు. మీరు సోమవారం వచ్చారు. ఎవరు ముందు? నన్నడిగితే ఇచ్చేసేవాణ్ణే. మా లాయరు పడనివ్వలేదు. భార్య తనంతట తాను చేర్పు విరమించుకుంటే తప్ప ఒక్క డాలరు కూడా కదలకూడదన్నాడు."

"ఆమె ఎందుకు విరమించుకుంటుంది?"

"అదేమో నాకెలా తెలుస్తుంది?"

దరఖాస్తు రెండో గడిలో విడాకుల కేసు నంబరు రాసి ఉంది. 4417, హాలు 12.

శుక్రవారం నాడు ఆ కేసు హాలు 7లో ఉంది. ఏడో హాలు జడ్జి సెలవు పెట్టడంతో ఆమె కేసులన్నీ సోమవారం పొద్దున తొమ్మిదీ అయిదుకి హాలు 12కి మార్చారు. ఇనెజ్ అనే గుమాస్తా ఏడు కొట్టేసి పన్నెండు వేస్తుంటే నేను కిటికీ ముందే నిలబడి ఉన్నాను. ఆ కొత్త నంబరుతో కోర్టు దాటి బయటికొచ్చిన మొదటి కాగితం నా సంచీలోని సమన్లే. అది చూసిన మొదటివాడు స్ట్రౌడ్.

శుక్రవారం కూర్చుని సోమవారం నంబరు ఎవరూ రాయలేరు.

ఫోను తీసి దరఖాస్తు ఫోటో తీసుకున్నాను. కింద సొమ్ము పంపాల్సిన ఖాతా గడి కూడా పడేలా చూశాను. రీనోలో ఏదో బ్యాంకు. బెల్మీరోకి ఊళ్ళో తప్ప ఇంకెక్కడా ఖాతా లేదని డియోలిండా నాకు నాలుగుసార్లు చెప్పింది.

"ఇంకేమైనా కావాలా?" అన్నాడు స్ట్రౌడ్.

"ఈ కాగితం జాగ్రత్తగా ఉంచండి. దీంతో పని పడుతుంది."

అతను నవ్వడం ఆపాడు.

* * *

ఆరో నంబరు లాకు దగ్గరికి చేరేసరికి పన్నెండూ నలభై. బోర్డు ఆఫీసు నుంచి ఇరవై రెండు మైళ్ళు. కావాలనే మామూలు వేగంతో నడిపాను. ముప్పై నాలుగు నిమిషాలు పట్టింది.

రేకుల గది ముందు షెరీఫు కారు ఆగి ఉంది. సార్జెంటు రాయిస్ టిలరీ దానికి ఆనుకుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు.

"రండి గుమాస్తమ్మా. ఏ కాగితం తెచ్చారు? కాలువకి కూడా సమన్లిస్తారా?"

"నువ్వు పొట్టు ఉమ్ముతున్నది సాక్ష్యం దొరికిన చోట, రాయిస్."

"సాక్ష్యం ల్యాబులో ఉంది. నెత్తురు అతనిదే." పొట్టు ఇంకోసారి ఉమ్మాడు. "మీ చుట్టం కోసం సాయంత్రానికల్లా వారంటు వస్తుంది. మీకు ముందే చెబుతున్నా. తర్వాత నన్ను తిట్టుకోకండి."

"ఏ కారణంతో?"

"చిన్నపిల్లాడైనా చెబుతాడు. శుక్రవారం మూడూ నలభైకి మొగుడెళ్ళి మొత్తం సొమ్ము అడిగాడు. అది వెళ్ళిపోతే ఆవిడకి మిగిలేది సున్నా. విడాకులు అయ్యేలోపు మొగుడు చస్తే మాత్రం విధవ పింఛను బతికున్నంత కాలం వస్తుంది. శుక్రవారం రాత్రి అతను పోయాడు. ఇంకేం కావాలి మీకు?"

"శుక్రవారం మూడూ నలభైకి అతను అక్కడ లేడు."

ఫోటో చూపించి హాలు నంబరు సంగతి చెప్పాను. అతను విన్నాడు, గింజలు నమలడం మాత్రం ఆపలేదు.

"గుమాస్తాలు అంకెలు తప్పు వేస్తారు. మీరూ వేసి ఉంటారు."

"సోమవారం మారే నంబరుని ముందే ఊహించి వేశాడంటావా?"

"జడ్జి ముందు చెప్పుకోండి. నేను నెత్తురు చూస్తాను, మీరు రబ్బరు ముద్రలు చూస్తారు. అందుకే నేను సార్జెంటుని, మీరు తలుపులు కొట్టుకుంటూ తిరుగుతున్నారు."

కోపాన్ని మింగి లోపలికి వెళ్ళాను. ఒకే బల్ల, ఒకే కుర్చీ. షట్టరు తిప్పే ఇనుప పిడి మేకుకి వేలాడుతోంది. షట్టరు పూర్తిగా దించి, గొలుసు చుట్టి, తాళం వేసి ఉంది. మాత్రల డబ్బా ఖాళీ. ఏడు గడులూ ఖాళీ.

బల్ల మీద గేజి పుస్తకం. అరగంటకోసారి నీటిమట్టం రాయాలి. శుక్రవారం పేజీ తీశాను. మూడున్నరకి రెండడుగుల నాలుగంగుళాలు. నాలుక్కి రెండడుగుల అయిదు. కిందివైపు లస్కరు ఫోనులో చెప్పిన మట్టాలు పక్కన రాసి ఉన్నాయి, అవి సరిగ్గా సరిపోయాయి. మూడున్నరకీ నాలుక్కీ ఇక్కడున్న మనిషి మూడూ నలభైకి ఇరవై రెండు మైళ్ళ అవతల ఎలా ఉంటాడు?

"రాయిస్, ఇది చూశావా?"

"సాయంత్రం కూర్చుని ఒకేసారి రాసుకుని ఉంటాడు. అందరూ చేసేదే."

"అయితే కింది లస్కరు ఫోను రికార్డు తీయించు."

అతను మొదటిసారి గింజలు జేబులో వేసుకున్నాడు.

నేను పేజీ తిప్పాను. అక్కడ నన్ను తికమక పెట్టిందొకటి కనిపించింది. శని, ఆది, సోమవారాల నీటి వంతులన్నీ బెల్మీరో దస్తూరీలో ముందే రాసిపెట్టి ఉన్నాయి. ఏ పొలానికి ఎన్ని గంటలు, షట్టరు ఎన్ని చుట్లు, ఏ రైతు గొడవపడతాడో కూడా. ఇతని స్థానంలో వచ్చేవాడు తడుముకోకుండా ఉండటానికి రాసినట్టుంది.

దాని గురించి ఆలోచించే తీరిక దొరకలేదు. ఒకటీ యాభై అయిదుకి ఫోను మోగింది. కోర్టు నుంచి ఇనెజ్.

"జుల్మీరా, మీ డియోలిండా ఇక్కడుంది. చేర్పు విరమించుకుంటున్నట్టు ఫారం ఇచ్చింది. ఒకటీ యాభై రెండుకి ముద్ర కూడా వేసేశాను, వెయ్యక తప్పదు కదా. కాపీ అప్పుడే పింఛను ఆఫీసుకి పంపించింది. ఏడుస్తోంది. నువ్వు రా."

* * *

కోర్టు వసారాలో బెంచీ మీద కూర్చుని ఉంది డియోలిండా. యాభై తొమ్మిదేళ్ళ మనిషి అయిదు రోజుల్లో డెబ్భై ఏళ్ళ దానిలా అయిపోయింది. నన్ను చూడగానే సంచీ గుండెలకి హత్తుకుంది.

"నన్నేం అడక్కు జుల్మీరా. నీకు చెప్పకూడదు."

"ఎవరు ఫోను చేశారక్కా?"

"చెప్తే చంపేస్తారే వాణ్ణి!"

"ఎవర్ని? బెల్మీరోనా? అతనే మాట్లాడాడా?"

పెదవి కొరుక్కుంది. తర్వాత ఆగలేదు. "పన్నెండూ నలభైకి చేశాడు. ఎప్పుడూ ఏడవని మనిషి చిన్నపిల్లాడిలా ఏడిచాడు. డియోలిండా, నన్ను కట్టేశారు, ఆ చేర్పు తీసెయ్యకపోతే నన్ను కాలువలో పడేస్తారు అన్నాడు. మూడున్నరకి నన్ను పింఛను ఆఫీసు వాళ్ళకి వీడియోలో చూపిస్తారు, సొమ్ము వెళ్ళిపోతుంది, నాలుక్కి వదిలేస్తారు అన్నాడు. పోలీసులకి చెప్పొద్దన్నాడు. నీకు అసలే చెప్పొద్దన్నాడు."

"నువ్వు సంతకం పెట్టేశావు."

"పెట్టక? ముప్పై మూడేళ్ళు కాపురం చేశాను. కలిసి ఉండలేను గానీ, చావమని అనగలనా? నాకు వాటా వద్దు, ఏమీ వద్దు. వాడు బతికుంటే చాలు."

గడియారం చూశాను. రెండూ ముప్పై ఒకటి.

ఆమె పక్కన కూర్చుని చేతులు పట్టుకున్నాను.

"అక్కా, నా మాట విను. వాళ్ళకి బెల్మీరో ఎందుకు కావాలి? వీడియోలో కనబడి, నేనే బెల్మీరోనని చెప్పడానికి. సొమ్ము కదిలేదాకా అతన్ని ఎవరూ ముట్టుకోరు. కదిలాక వాళ్ళ మొహాలు చూసిన మనిషిని ఎందుకు వదులుతారు?"

"వదుల్తామని చెప్పారుగా!"

"ఎవరికి చెప్పారు? ఏ కాగితం మీద రాసిచ్చారు? ఇన్నాళ్ళూ అతన్ని బతికించింది సోమవారం మనం ఇచ్చిన ఆ చేర్పే. అది తీసేశావు. మూడున్నర తర్వాత అతను వాళ్ళకి బరువు."

ఆమె నా చేతుల్లోంచి చేతులు లాక్కుంది.

"మళ్ళీ వేద్దాం. కొత్త చేర్పు. దీనికి జడ్జి అక్కర్లేదు, వాయిదా అక్కర్లేదు. గుమాస్తా ముద్ర చాలు. మూడున్నర లోపు ఆ ఆఫీసులో అందిస్తే సొమ్ము ఆగిపోతుంది."

"ఆపేస్తే కోపంతో ఏమన్నా చేస్తే? నా చేతులతో నేనే చంపుకున్నట్టు అవుతుంది కదే!"

"అతను లేకుండా వాళ్ళకి ఎప్పటికీ దక్కదు. ఎదురుచూస్తారు. ఎదురుచూసినంత సేపూ అతను బతికుంటాడు."

"ఒట్టేసి చెప్పగలవా?"

చెప్పలేను. ఆ మాటే చెప్పాను. "చెప్పలేనక్కా. కానీ ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించడం లేదు."

ఆమె సంచీలోంచి కళ్ళజోడు తీసింది. "ఫారం ఇవ్వు."

రెండూ యాభైకి నింపడం పూర్తయింది. ఒకచోట తేదీ తప్పు రాసి మళ్ళీ రాయాల్సి వచ్చింది. కిటికీ దగ్గర మా ముందు ముగ్గురున్నారు. ఇనెజ్ వాళ్ళని బతిమాలి మమ్మల్ని ముందుకి రానిచ్చింది. మూడూ నాలుగు నిమిషాలకి ముద్ర పడింది.

కారుని పింఛను ఆఫీసు దారి పట్టించాను. గేజి పుస్తకం మళ్ళీ నా కళ్ళముందుకి వచ్చింది. మూడు రోజుల నీటి వంతులు, తాళం వేసిన షట్టరు, ఏడు గడులూ ఖాళీ అయిన మాత్రల డబ్బా. ఎత్తుకెళ్ళిన మనిషిని వారానికి సరిపడా మాత్రలు సర్దుకోనిస్తారా?

నా కాలు యాక్సిలరేటరు మీద ఒక్క క్షణం సడలింది. పక్కకి చూశాను. డియోలిండా పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోంది. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. నాది ఊహ మాత్రమే. ఊహ తప్పైతే ఒక ప్రాణం పోతుంది. సొమ్ము మాత్రం ఎలా చూసినా ఆగాల్సిందే.

* * *

పింఛను ఆఫీసులో స్ట్రౌడ్ కుర్చీ ఖాళీగా ఉంది. రెండూ నలభైకే వెళ్ళిపోయాడని, బ్యాంకు పని ఉందన్నాడని ముందు బల్ల దగ్గర చెప్పారు. వీడియోలో మనిషిని గుర్తుపట్టే పని బోర్డు కార్యదర్శి మిసెస్ ప్రూయిట్‌ది. లోపలి గది తలుపు నెట్టాను.

గోడ మీద పెద్ద తెర. తెర మీద బెల్మీరో. "పుట్టిన తేదీ?" అని అడుగుతోంది ప్రూయిట్. అరవై దాటిన ఆవిడ, ఒంటరిగా కూర్చుని, ముందున్న పట్టికలో టిక్కులు పెడుతోంది.

నేను సమన్లు ఆ పట్టిక మీద పెట్టాను.

"పింఛను నిధిని కేసులో చేరుస్తూ కోర్టు సమన్లు. కార్యదర్శిగా మీకు అందజేస్తున్నాను. టైము మూడూ ఇరవై నాలుగు."

"ఇప్పుడేగా విరమించుకున్నారు?"

"ఇప్పుడే మళ్ళీ వేశారు. ముద్ర చూడండి."

ఆవిడ ముద్ర చూసింది, టైము చూసింది, కలానికి మూత పెట్టింది. "అయితే నేను సొమ్ము పంపలేను," అంది. తర్వాత తెర వైపు తిరిగి అదే మాట గట్టిగా చెప్పింది.

నేను తెర వైపే చూస్తున్నాను. చావు భయంలో ఉన్న మనిషి ఆ మాటకి వణికిపోవాలి.

బెల్మీరో వణకలేదు. ముందుకి వంగాడు.

"ఎవరక్కడ? డియోలిండా ఉందా? ఏమే, సంతకం పెట్టావుగా! కాపీ కూడా పంపావుగా! మళ్ళీ ఏం చేశావే?"

డియోలిండా తెర దగ్గరికి నడిచింది. చెయ్యి ఎత్తింది గానీ తాకలేదు.

"నిన్ను కొట్టారా బెల్మీరో?"

అతను చూపు దించాడు.

"కట్టేశారన్నావు."

చేతులు బల్ల కిందికి పెట్టుకున్నాడు.

"గడ్డం గీసుకున్నావు," అంది డియోలిండా. "నున్నగా. ఫోటోకి కూర్చున్నట్టు."

వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు. తిరిగి చూస్తే టిలరీ. ఒక చేతిలో వారంటు, ఇంకో చేతిలో బేడీలు. తెర మీద చచ్చిపోయాడనుకున్న మనిషిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇరవై ఏడేళ్ళు నేను కాలువ గట్టున ఎండలో ఎండాను!" అన్నాడు బెల్మీరో. "నువ్వా కేసు వేసింది? నువ్వా నా సగం పట్టుకుపోయేది? ఇంకెన్నేళ్ళు బతుకుతాను? మా నాన్న ఇల్లు టెర్సీరా దీవిలో కూలిపోతోంది. బాగు చేసుకుని అక్కడే కన్నుమూద్దామనుకున్నాను. అంతే."

"నన్నడిగితే?" అంది డియోలిండా. చాలా చిన్న గొంతుతో అంది. "ఒక్కసారి నన్నడిగితే?"

నేను ఆమెని పక్కకి జరిపి తెర ముందుకొచ్చాను.

"బెల్మీరో, నేను జుల్మీరాని. సొమ్ము ఏ ఖాతాకి పంపమన్నావు?"

"నీకెందుకు?"

"చెప్పు. ఏ ఊళ్ళో బ్యాంకు?"

"ఆంగ్రా. టెర్సీరాలో. మా చెల్లెలు తెరిపించింది. ఆ నంబరే గారిక్‌కి ఇచ్చాను."

ఫోనులోని ఫోటో తెరకి దగ్గరగా పెట్టి చదివాను. "దరఖాస్తులో ఉన్నది రీనో. నువ్వు దరఖాస్తు చూశావా? సంతకం ఎప్పుడు పెట్టావు?"

"సోమవారం. ఖాళీ ఫారం మీద..." ఆగాడు. "ఏ రీనో?"

"నీది కాని ఖాతా అది. ఈ సొమ్ము వెళ్ళి ఉంటే నువ్వు దీవికి చేరేవాడివి కాదు. ఊరంతా నువ్వు చచ్చిపోయావనే అనుకుంటోంది. నీ పికప్‌లో నీ నెత్తురుంది. నీ భార్య కోసం ఇదిగో వారంటు కూడా వచ్చింది. నిన్ను వెతికే మనిషి ఒక్కడు కూడా ఉండడు. ఆలోచించుకో. ఈ ఏర్పాటంతా ఎవరికోసం?"

అతని మొహంలో రంగు మారడం నేను చూశాను. కోపం పోయింది. నేను ఇందాక ఎదురుచూసిన భయం ఇప్పుడు వచ్చింది. మెల్లగా తల పక్కకి తిప్పాడు. మాకు కనిపించని వైపుకి.

"గారిక్," అన్నాడు. "ఏమిటిది? ఏ రీనో?"

ఒక కుర్చీ జరిగింది. బెల్మీరో లేవబోయాడు. తెర ఒక్క కుదుపుతో పక్కకి ఒరిగి, నీలం పువ్వుల తెల్ల పెంకుల గోడనీ, వరసగా బోర్లించిన పెద్ద డేగిసాలనీ చూపించింది. ఏదో బరువైనది కింద పడింది. ఎవరో ఒకసారి మూలిగారు. తర్వాత తెర నల్లబడింది.

మూడూ ముప్పై మూడు.

"ఎక్కడా గది?" టిలరీ గొంతు పూర్తిగా మారిపోయింది. బేడీలు ఎప్పుడు జేబులోకి పోయాయో నేను చూడలేదు. "ఎవరికైనా తెలుసా? మిసెస్ ప్రూయిట్? స్ట్రౌడ్ ఇల్లా అది?"

ప్రూయిట్ తల అడ్డంగా ఊపింది.

నేను డియోలిండాని చూశాను. ఆమె ఇంకా నల్లటి తెరనే చూస్తోంది. ఆమెకి తెలుసు. ఆ గోడ కనిపించిన క్షణంలో ఆమె భుజాలు బిగుసుకోవడం నేను గమనించాను.

"అక్కా," అన్నాను.

ఆమె పలకలేదు.

ఇంకోసారి పిలవలేకపోయాను. ఇవాళ మధ్యాహ్నమే ఈ మనిషి ప్రాణం కోసం తన ముసలితనాన్ని కాగితం మీద రాసిచ్చేసింది. ఆ ఏడుపంతా నాటకమని తెలిసి ఇంకా రెండు నిమిషాలు కాలేదు. ఇప్పుడు నోరు మెదపకపోతే ఆమెని ఎవరూ తప్పుపట్టలేరు. టిలరీ నాకు చెప్పిన లెక్క ఆమెకీ తెలియనిది కాదు. విడాకులు కాకముందు అతను పోతే, బతికున్నంత కాలం విధవ పింఛను.

టిలరీ ఆమె ముందుకొచ్చి టోపీ తీశాడు. "అమ్మా, మీ మీద నేను అన్నవాటికి నన్ను తర్వాత తిట్టండి. ఆ గది ఎక్కడిది?"

మూడూ ముప్పై నాలుగు.

డియోలిండా కళ్ళజోడు తీసి సంచీలో పెట్టుకుంది.

"మనవాళ్ళు పండగలు చేసుకునే ఫెస్టా హాలు వంటగది," అంది. "ఏటేటా పండక్కి ఆ గోడ కడిగేది నేనే. తాళం చెవి బెల్మీరో దగ్గరుంటుంది."

టిలరీ అప్పటికే రేడియోలో చిరునామా చెబుతూ పరిగెత్తుతున్నాడు. "నాలుగు మైళ్ళు! ముందు తలుపు పగలగొట్టండి!"

"ముందు తలుపు కాదయ్యా!" డియోలిండా అతని వెనకే పరిగెత్తింది. ఆమె అంత గట్టిగా అరవగలదని నాకు తెలియదు. "లోపల ఇనుప గడియ ఉంటుంది, అరగంట కొట్టినా ఊడదు! వెనక్కి రమ్మను, గిన్నెలు కడిగే చోటికి! అక్కడి తలుపు కింది పలక వదులు! ఒక్క తన్ను తంతే వస్తుంది!"

మెట్ల దగ్గర తూలి గోడ పట్టుకుంది. నేను అందుకునేలోపే మళ్ళీ నిలబడి, షెరీఫు కారు వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.

"పోనివ్వు," అంది టిలరీతో. "దారి నేను చెబుతాను."